చింతగింజలూ – అక్షహృదయమూ

తెలుగు పంతులుకు లెక్కలతో పనేమిటని మీరు అడగవచ్చు. మా కళాశాలలో గణితం చెప్పే మిత్రుడు కూడా సరిగ్గా ఈ మాటే అడిగాడు. నిజానికి లెక్కలతో నాకున్న చుట్టరికం పావులూరి మల్లన దగ్గరే ఆగిపోయింది. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు గదా, ఆ పద్యాలు నేను చక్కగా రాగం తీసి చదవగలను. అర్థం చెప్పమంటే చెబుతాను. లెక్క చేసి జవాబు తేల్చమంటే మాత్రం గడియారం చూసుకుంటాను.

అలాంటివాణ్ణి 2023 సంక్రాంతి వెళ్ళినది మొదలు వేసవి సెలవులదాకా, ఆదివారాలు తప్ప ప్రతి సాయంత్రం ఒక నోటుపుస్తకం ముందేసుకుని అంకెలు రాశాను. దానికి కారణం మా బావమరిది.

మాది మల్లాపూర్. కోరుట్లకూ మెట్‌పల్లికీ దగ్గర. ఇంటికొకరు గల్ఫులో ఉంటారంటే మా వైపు అది అతిశయోక్తి కాదు. మా బావమరిది కూడా పదేళ్ళు షార్జాలో ఉండి, నడుం నొప్పి తెచ్చుకుని తిరిగి వచ్చాడు. వచ్చేసరికి ఊళ్ళో వ్యవసాయం కూడా మారిపోయింది. మా మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడటంతో చెరకు వేసినవాళ్ళు చాలామంది పంట మార్చుకున్నారు. ఇతడు ఉన్న రెండెకరాల్లో పసుపు వేశాడు. భార్య బీడీలు చుడుతుంది. ఇల్లు గడవదని కాదు, గడుస్తుంది. కాని పదేళ్ళు ఎడారిలో ఉండి వచ్చినవాడికి గడవడం ఒక్కటే చాలదు కాబోలు.

ఆ సంక్రాంతికి ముందు ఒక సంగతి జరిగింది. జగిత్యాల జిల్లానుంచి దుబాయికి డ్రైవరుగా పోయిన ఒకాయనకు 2022 డిసెంబరులో అక్కడి లాటరీలో కోటిన్నర దిర్హాములు తగిలాయి. మన డబ్బులో ముప్పై కోట్ల పైమాట! మా వైపు పల్లెల్లో నెల్లాళ్ళపాటు మరో మాట లేదు. టీ దుకాణం దగ్గర నిలబడ్డ ప్రతివాడూ ఆయనకు దూరపు చుట్టమే అయిపోయాడు. ఆ గాలిలోనే మా బావమరిది ఒకరోజు సాయంత్రం నాలుగు చేతుల నోటుపుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"బావా, జర తలుపు దగ్గరికెయ్. నీకొకటి చూపిస్త" అన్నాడు.

చూపించింది దుబాయి లాటరీ కాదు, మట్కా.

మట్కా అంటే ఏమిటో తెలియని పాఠకులుంటే వారు అదృష్టవంతులు. అయినా రెండు మాటల్లో చెబుతాను. పూర్వం బొంబాయిలో ఒక పందెం ఉండేది. న్యూయార్కు పత్తి మార్కెట్టునుంచి తంతిమీద వచ్చే ధరల్లో ఏ అంకె వస్తుందని పందెం కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. పత్తి ధర లేకపోతే పందెం ఆగుతుందా? 1962లో కల్యాణ్‌జీ భగత్ అనేవాడు, 1964లో రతన్ ఖత్రీ అనేవాడు పేకముక్కలతో అంకెలు తీసే పద్ధతి పెట్టారు. చీటీలు వేసి తీసిన కుండ పేరు మీద దానికి మట్కా అని పేరు. బొంబాయి బట్టల మిల్లుల కూలీలు దానికి పెద్ద ఖాతాదారులు. మన సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాలనుంచి బొంబాయి, భీవండి మగ్గాలకు పోయినవాళ్ళు తక్కువమంది కాదు. పోయినవాడు పండక్కి వచ్చేటప్పుడు చీరలతోపాటు ఈ విద్యను కూడా మూటగట్టుకు రాకుండా ఉంటాడా?

ఆట ఇలా ఉంటుంది. సున్నానుంచి తొమ్మిదిదాకా అంకెల్లో మూడు వస్తాయి. వాటిని పట్టీ అంటారు. మూడింటినీ కూడి పదుల స్థానం వదిలేస్తే మిగిలేది ఓపెన్. ఉదాహరణకు 2, 4, 7 వస్తే మొత్తం 13, ఓపెన్ 3. మరికొంతసేపటికి ఇంకో మూడు అంకెలు, దానినుంచి క్లోజ్. రెండూ కలిపితే జోడీ. ఒక్క అంకె మీద పది రూపాయలు పెట్టి అది వస్తే తొంభై ఇస్తారు. ఇది చట్టవిరుద్ధమని వేరే చెప్పనక్కరలేదు. మన రాష్ట్రంలో 1974నాటి జూద నిషేధ చట్టం ఉంది. ఒక్క అంకె మీద బహుమతి ఇచ్చే లాటరీని ప్రభుత్వాలు కూడా నడపకూడదని 1998లో కేంద్రం చేసిన లాటరీల చట్టం చెబుతోంది. అంటే సాక్షాత్తూ సర్కారుకే వద్దన్న ఆట ఇది.

ఇక మా వాడు తెచ్చిన విద్య. తొమ్మిది గళ్ళు గీశాడు. పై వరుసలో నిన్నటి ఓపెన్ పట్టీ: 2, 4, 7. రెండో వరుసలో నిన్నటి క్లోజ్ పట్టీ: 1, 5, 8. మూడో వరుసలో పైనున్న రెండింటి మొత్తం, పదులు వదిలేసి: 3, 9, 5. ఇప్పుడు మూల నుంచి మూలకు కూడాలి. 2, 5, 5 కలిపితే 12, అంటే 2. 7, 5, 3 కలిపితే 15, అంటే 5. ఈ రెండూ మూల అంకెలు. ఒక్కొక్కదానికి ఐదు కలిపితే వచ్చేది దాని కట్. 2కు 7, 5కు 0. మొత్తం నాలుగంకెలు: 2, 5, 7, 0. మూలలు రెండూ ఒకే అంకె గాని, ఒకదానికొకటి కట్ గాని అయితే పక్క అంకె తీసుకోవాలని ఒక ఉపసూత్రం.

"రేపటి ఓపెన్ ఈ నాలుగిట్ల ఉంటది. రాసిపెట్టుకో" అన్నాడు. అని, గడచిన సంవత్సరపు చార్టు తీసి, ఎక్కడెక్కడ తగిలిందో ఎర్రసున్నలు చుట్టి చూపించాడు. పేజీ అంతా గోరింటాకు పెట్టిన చెయ్యిలా ఉంది.

నేను పరిశీలించాను. ఒకచోట మూలలు తగల్లేదు, నిలువు వరుస తగిలింది. దానికీ సున్న చుట్టాడు. ఇంకోచోట ఓపెన్ తగల్లేదు, క్లోజ్ తగిలింది, దానికీ చుట్టాడు. మరోచోట ఒక్క అంకె తేడాలో పోయింది. దానికి సగం సున్న చుట్టాడు. ఇలా చుడితే కళాశాల హాజరు పట్టీలో కూడా మట్కా అంకెలు దొరుకుతాయి గదా అన్నాను.

"అయితే నువ్వే పరీక్ష పెట్టు బావా. నువ్వు పిల్లగాండ్లకు పెడ్తవు గద!" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టింది. మహాభారతంలో నలుడి కథ మీకందరికీ తెలుసు. నన్నయగారి అరణ్యపర్వంలో ఉంది. నేను ఎన్ని ఏళ్ళుగా పాఠం చెబుతున్నానో లెక్కలేదు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజుకు రథం తోలుతుంటాడు. దారిలో ఒక తాండ్రచెట్టు చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు ఇట్టే చెప్పేస్తాడు. నలుడు, మహారాజు గదా అని చేతులు జోడించి ఊరుకోలేదు. రథం ఆపి, చెట్టు కొట్టి, లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడే అక్షహృదయం అనే విద్యను ఋతుపర్ణుడి దగ్గర స్వీకరించాడు. ఇందులో కిటుకు చూడండి: సంఖ్య ముందు చెప్పడం, చెట్టు తరువాత కొట్టడం. మా వాడు చెట్టు కొట్టిన తరువాత సంఖ్య చెబుతున్నాడు.

అంచేత నియమాలు ఏర్పరచాను. అంకెలు ముందురోజే రాయాలి. తేదీ వేసి నేను సంతకం చెయ్యాలి. ఓపెన్ ఒక్కటే లెక్క. నిలువు వరుసలు, సగం సున్నలు చెల్లవు. నూరు ఆటలు చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క పైసా పందెం కాయకూడదు. అంతా కాగితం మీదనే. మా వాడు అన్నిటికీ తల ఊపాడు.

గణితం మిత్రుడికి చెబితే ఆయన నవ్వి, "దాని పక్కన ఇంకో వరుస పెట్టండి. ఎవరిచేతనైనా కళ్ళు మూసుకుని నాలుగంకెలు తీయించి రాయండి. రెండూ పోల్చి చూడవచ్చు" అన్నాడు.

ఆ ఉద్యోగం మా ఆవిడకు ఇచ్చాను. పది చింతగింజలు ఒకవైపు అరగదీసి, వాటిమీద సున్న నుంచి తొమ్మిదిదాకా అంకెలు వేసి, చిన్న ముంతలో పోశాను. రోజూ దీపం పెట్టే వేళకు ఆమె వచ్చి, కళ్ళు మూసుకుని నాలుగు గింజలు తీసేది. మొదటిరోజు, "ఇంత చదివినోళ్ళు చేసే పనేనా ఇది?" అన్నది. రెండోరోజునుంచి, "ఇయ్యాల నావి తగిలినయా, తమ్మునివి తగిలినయా?" అని అడగడం మొదలుపెట్టింది.

ఇరవై ఆటలయ్యేసరికి మా వాడి గళ్ళు పదకొండుసార్లు తగిలాయి. మా ఆవిడ గింజలు తొమ్మిదిసార్లు.

ఇక్కడ నేను చేసిన పనిని పాఠకులు మన్నించాలి. సంవత్సరాల తరబడి జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి ఇది. నూటికి ముప్పై అయిదు వస్తే ఉత్తీర్ణుడు, యాభై దాటితే రెండో తరగతి అనే తూకమే నా బుర్రలో ఉంది. నవ్వులాటకే అనుకోండి, ఎర్రసిరాతో ఆ పేజీ కింద "20కి 11. ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణత" అని రాసి సంతకం పెట్టాను. మా వాడు ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. ఎందుకో నేను అడగలేదు.

ఆ తరువాత ఒక ఆదివారం మా వాడు మా పిల్లలకు మిఠాయి డబ్బా, వాళ్ళక్కకు చీర తెచ్చాడు. పసుపు బాగా అమ్ముడుపోయింది కాబోలు అనుకున్నాం. ఇంకో వారం గడిచింది. గళ్ళు తగలడం మానేశాయి. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. నాకు పరీక్ష రసవత్తరంగా ఉందనిపించింది తప్ప మరేమీ తోచలేదు. మా వాడు మాత్రం రావడం తగ్గించాడు. ఫోనులో అంకెలు చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి.

నలభయ్యో ఆట కూడా తప్పిపోయిన రాత్రి, తొమ్మిది దాటాక, తలుపు తట్టాడు. ముఖం చూస్తేనే నాకు భయం వేసింది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"బావా, యాభై ఒక్క వెయ్యి రెండు వందలు కావాలె. ఎల్లుండి ఇచ్చేస్త" అన్నాడు.

అంత కచ్చితమైన అప్పు నేనెన్నడూ వినలేదు. ఎందుకని అడిగితే మెల్లగా బయటపెట్టాడు. నా ఎర్రసిరా సంతకం చూసిన మర్నాటినుంచే, ఇరవై ఒకటో ఆటనుంచి, నిజం డబ్బుతో ఆడుతున్నాడు. అంకెకు వంద చొప్పున నాలుగంకెలకు నాలుగు వందలు. తగిలితే తొమ్మిది వందలు వస్తాయి. తగలకపోతే మర్నాడు రెట్టింపు. ఎప్పుడు తగిలినా పోయినదంతా వచ్చి పైన లాభం మిగులుతుందని లెక్క. పదమూడు ఆటల్లో ఆరుసార్లు తగిలి నాలుగు వేల రెండు వందలు మిగిలాయి. మిఠాయి, చీర అందులోవే. తరువాత వరుసగా ఏడు తప్పాయి. నాలుగు వందలు ఎనిమిది వందలైంది. ఎనిమిది వందలు పదహారు వందలైంది. ఏడో రోజుకు ఇరవై ఐదు వేల ఆరు వందలు. మొత్తం యాభై వేల ఎనిమిది వందలు ఏడు రోజుల్లో పోయింది. పసుపు అమ్మిన డబ్బు పోయింది. భార్య మహిళా సంఘంలో తీసుకున్న అప్పు పోయింది. పాపం, ఆమెకు ఇంకా తెలియదు.

"ఏడు రోజులు తప్పింది బావా. రేపు తప్పది. నువ్వే రాసిస్తివి గద, ఇరవైకి పదకొండని!" అన్నాడు.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. విద్యార్థి తప్పిన పరీక్షలో పంతులు తప్పు కూడా ఉంటుందని మేం ఒప్పుకోం. కాని ఆ రాత్రి ఒప్పుకోక తప్పలేదు.

నేను డబ్బు ఇవ్వలేదు. ఇవ్వకపోవడం నా వివేకమని ఇన్నాళ్ళూ బంధువులు అనుకుంటున్నారు. ఇప్పుడు నిజం చెబుతాను. నా దగ్గర అంత లేదు. మా ఆవిడ బ్యాంకు పుస్తకం పెట్టెలో పెట్టి తాళంచెవి కొంగుకు కట్టుకుంది. లోపలిగది గడపలో నిలబడి అంతా విన్నది. "పిల్ల ఫీజు పైసలు తమ్మీ అవి. అన్నం తిని పో" అన్న ఒక్క మాట తప్ప మరేమీ అనలేదు. ఆ పుస్తకం నా చేతిలో ఉంటే, ఏడు తప్పినవాడికి ఎనిమిదోది తగలకపోతుందా అని నేను కూడా ఇచ్చి ఉండేవాణ్ణేమో! మా వాడు అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం నలభై ఒకటో ఆట. గళ్ళు తగిలాయి.

నోటుపుస్తకం ముందు కూర్చుని ఎంతసేపు ఉండిపోయానో నాకే తెలియదు. ఆ యాభై ఒక్క వెయ్యి రెండు వందలు పెట్టి ఉంటే ఒక లక్షా పదిహేను వేల రెండు వందలు వచ్చేవి. పోయినదంతా పోను పదమూడు వేల రెండు వందలు పైన మిగిలేవి. ఈ లెక్క మాత్రం నేను ఎవరి సహాయమూ లేకుండా చేశాను. మా వాడు కూడా ఎక్కడో కూర్చుని ఇదే లెక్క చేసి ఉంటాడు. ఆ రోజునుంచి మా ఇంటి గడప తొక్కలేదు. ఉగాదికి పిలిస్తే రాలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. పండగపూట అతడి భార్య ఒక్కతే వచ్చి, వంటింట్లో మా ఆవిడ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బీడీలు రోజుకు ఇంకో రెండు వందలు ఎక్కువ చుడుతున్నానని చెప్పింది. నావైపు చూసి, "మీరు చదువుకున్నోళ్ళు అన్నా, ముందుగాల మీరన్నా చెప్పకపోతిరి" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను.

పరీక్ష ఆపేద్దామనుకున్నాను. నోటుపుస్తకం పొయ్యిలో వేద్దామని కూడా అనుకున్నాను. గణితం మిత్రుడే వద్దన్నాడు. అప్పుడు ఆయన చెప్పిన విషయాలు మొదటిరోజే అడిగి ఉంటే ఎంత బాగుండేదో!

"పది అంకెల్లో నాలుగు పట్టుకుంటే, ఏ విద్యా లేకుండానే నూటికి నలభైసార్లు తగులుతుంది. ఇరవైకి ఎనిమిది రావడం మామూలు. పదకొండు వచ్చిందంటే మూడు ఎక్కువ. మీ ఆవిడకు ఒకటి ఎక్కువ వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. ఇక డబ్బు సంగతి చూడండి. నలభై పెడితే తొంభై ఇస్తారు. నష్టం రాకుండా ఉండాలంటే నూటికి నలభై నాలుగు దాటి తగలాలి. తగిలేది నలభై, తగలవలసింది నలభై నాలుగు పైన. ఆ మధ్య సందులోనే ఆట పెట్టినవాడు ఇల్లు కట్టుకుంటాడు" అన్నాడు.

"మరి ఏడుసార్లు వరసగా తప్పింది గదండీ?" అన్నాను.

"ఏ రోజున మొదలుపెట్టినా, అక్కణ్ణుంచి ఏడు వరసగా తప్పే అవకాశం నూటికి సుమారు మూడు. రోజూ ఆడేవాడికి అది నెలల్లోనే ఎదురవుతుంది. ఎదురైన తరువాత ఎనిమిదోది తగిలే అవకాశం ఎంత? మళ్ళీ నూటికి నలభయ్యే. ముక్కలు కలిపి మళ్ళీ తీసినప్పుడు నిన్న ఏమి వచ్చిందో వాటికి తెలియదు. మీ గళ్ళన్నీ నిన్నటి అంకెలతో కట్టినవి. నిన్నటికీ రేపటికీ ముడి వేసేది మీ పెన్సిలే."

ఇంకో మాట కూడా అన్నాడు. ఇదంతా ముక్కలు నిజాయితీగా తీస్తున్నారనుకుంటే. మా ఊళ్ళో చీటీ రాసిన వాళ్ళున్నారు, పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ముక్కలు తీయడం కళ్ళారా చూసినవాడు మాత్రం నాకు ఒక్కడూ కనపడలేదు. ఋతుపర్ణుడి చెట్టైనా నలుడి కళ్ళముందు ఉంది.

అంచేత పరీక్ష కొనసాగించాను. గళ్ళు నేనే గీశాను. మా ఆవిడ మాత్రం మానలేదు. కాని ఇప్పుడు, "నావి తగిలినయా?" అని అడగడం లేదు. గింజలు తీసి పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది.

నూరు ఆటలు పూర్తయ్యేసరికి ఎండలు ముదిరాయి. ఫలితం ఇది: గళ్ళు తగిలింది నలభై ఒక్కసారి. చింతగింజలు తగిలింది నలభై మూడుసార్లు.

అంకెకు పది రూపాయల చొప్పున రోజూ ఒకే పందెం కాశామనుకుందాం. నూరు రోజులకు పెట్టుబడి నాలుగు వేలు. గళ్ళవల్ల వచ్చేది మూడు వేల ఆరు వందల తొంభై. నష్టం మూడు వందల పది. గింజలవల్ల వచ్చేది మూడు వేల ఎనిమిది వందల డెబ్బై; నష్టం నూటముప్పై. గెలిచిన మా ఆవిడకు కూడా నష్టమే! "నేను గెల్సినా గూడ పైసలు పోయినయా? మరి గెల్సుడేంది?" అన్నది. ఏ చార్టులోనూ దీనికి జవాబు లేదు.

కాని నేను నోటుపుస్తకం చంకన పెట్టుకుని బావమరిది ఇంటికి వెళ్ళింది ఈ లెక్క చూపడానికి కాదు. ఎనభై ఒకటినుంచి ఎనభై తొమ్మిదిదాకా ఉన్న వరుస చూపడానికి.

అతడు వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాడు. లేచి నిలబడ్డాడు గాని మాట్లాడలేదు. చెల్లెలు చేటలోని తునికాకు పక్కకు పెట్టి మంచినీళ్ళు తెచ్చింది. నేను పేజీ తీసి అతడి ఒళ్ళో పెట్టాను. అక్కడ తొమ్మిది అడ్డగీతలు వరసగా ఉన్నాయి. తొమ్మిది ఆటలూ తప్పాయి.

అతడు వేళ్ళమీద లెక్కపెట్టాడు. నాలుగు వందలు, ఎనిమిది వందలు, పదహారు వందలు... ఏడో వేలి దగ్గర ఒక క్షణం ఆగాడు. అది తనకు తెలిసిన చోటు. ఎనిమిది: యాభై ఒక్క వెయ్యి రెండు వందలు. తొమ్మిది: లక్షా రెండు వేల నాలుగు వందలు. అన్నీ కలిపితే రెండు లక్షల నాలుగు వేల నాలుగు వందలు. పదో రోజు నిలబడాలంటే ఇంకో రెండు లక్షల నాలుగు వేల ఎనిమిది వందలు కావాలి.

"ఆనాడు నువ్వు ఇచ్చినవనుకో, తగులు. తగిలినంక నేను ఆపుదునా?" అన్నాడు చాలాసేపటికి.

ఇది అతడు తనను తాను వేసుకున్న ప్రశ్న. నేను మధ్యలో దూరలేదు. కాని నేను చెప్పవలసింది ఒకటి మిగిలి ఉంది, అది చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. "ఆనాడు నాదగ్గర ఉంటే ఇచ్చేవాణ్ణేరా. ఎనిమిదోది తగులుతుందని నాక్కూడా అనిపించింది. నా ఎర్రసిరా కూడా తప్పే" అన్నాను.

అతడు తల ఎత్తి నన్ను చూశాడు. రెండు నెలల తరువాత చూడటం అదే. "గట్లనా బావా!" అని ఒక్క నవ్వు నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు గాని, కోపం కూడా లేదు. చెల్లెలు లోపలికి వెళ్ళి చాయ్ పెట్టింది.

సంఘం అప్పు తీరడానికి ఏడాది పట్టింది. మొదటి వాయిదాలు కొన్ని నేనే కట్టాను. దానమనుకోకండి, దిద్దుబాటులో తప్పు చేసిన పంతులు కట్టిన జరిమానా అది. మా బావమరిది మళ్ళీ మట్కా ముట్టలేదని నేను ప్రమాణం చేయలేను. మనిషి మనసుకు నూరు ఆటల పరీక్ష పెట్టడం నావల్ల కాదు. చేతిలో నోటుపుస్తకం మాత్రం మళ్ళీ చూడలేదు. మొన్న పసుపు తవ్వినప్పుడు వెళ్ళాను. ఎన్ని బస్తాలవుతాయని అడిగితే, "తవ్వినంక చెప్త బావా. ముందుగాల చెప్పుడు బంద్ జేసిన" అన్నాడు.

ఇప్పుడు నలుడి కథ పాఠం చెప్పేటప్పుడు తాండ్రచెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాను. పిల్లలు ఎందుకని అడగరు. వాళ్ళకు పరీక్షలో వచ్చే ప్రశ్న దమయంతి మీద గదా!

చింతగింజలు మా ఇంట్లోనే ఉన్నాయి. అంకెలు చెరిగిపోయాయి. వేసవిలో బావమరిది కూతురు వస్తే, మా ఆవిడ వాటిని మిగతా గింజలతో కలిపి వామనగుంటలు ఆడిస్తుంది. ఆ ఆటలో ఓడినవాళ్ళ గింజలు సాయంత్రానికి మళ్ళీ అదే ముంతలోకి వస్తాయి.